టెస్టర్‌లో లైట్లన్నీ వెలిగినా కేబుల్ బాగున్నట్టు కాదు

కంప్యూటర్‌కి కొత్త నెట్‌వర్క్ (ల్యాన్) కేబుల్ వేశాను, టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి, అయినా పెద్ద ఫైలు కాపీ చేస్తే స్పీడు పడిపోతోంది, కేబుళ్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ మార్చాలా అని అడిగారు. స్విచ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు రెండు చివర్లా ప్లగ్‌లో తీగల రంగుల వరస చూడండి.

నాకూ అచ్చం ఇలాగే అయింది. రెండు రోజులు డ్రైవర్లు, పోర్టులు మార్చుకుంటూ కూర్చున్నాను. మామూలు పింగ్ (అవతలి కంప్యూటర్‌కి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందా అని చూసే పరీక్ష) చక్కగా వచ్చేది. సైజు 1400 బైట్లకు పెంచితే మాత్రం మధ్యమధ్యలో ప్యాకెట్లు పోయేవి. లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపించే ఈథ్‌టూల్ కమాండ్‌తో చూస్తే, కాపీ నడుస్తున్నంతసేపూ సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైపోయిన ప్యాకెట్ల లెక్క) పెరుగుతూనే ఉన్నాయి. ఆ అంకె అలా పెరుగుతోందంటే సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టి తీగ దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్లగ్‌ని క్లిప్ అవతలివైపు, పిన్నులు పైకి ఉండేలా పట్టుకుని వెలుతురులో చూశాను. ఎడమ నుంచి తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల-నీలం, నీలం, తెల్ల-గోధుమ, గోధుమ. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది. తప్పు అక్కడే ఉంది. కేబుల్లో ఎనిమిది తీగలు రెండేసి మెలిపెట్టిన నాలుగు జతలుగా ఉంటాయి. 3, 6 పిన్నులకు వెళ్లే తీగలు ఒకే జతవి కావాలి. అంటే మూడో దాని నుంచి తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ అని రావాలి. నా కేబుల్లో ఒకే సిగ్నల్ రెండు వేర్వేరు మెలికల్లో వెళ్తోంది. మెలిక ఉన్నదే పక్క జత నుంచి వచ్చే అలజడిని ఆపడానికి, ఆ రక్షణే పోయింది. రెండు చివర్లా ఒకే తప్పు చేశారు కాబట్టి లైట్లు వరసగానే వెలుగుతాయి. తీగ తెగలేదని, రెండు చివర్లా వరస ఒకటేనని మాత్రమే ఆ చిన్న టెస్టర్ చెబుతుంది, జతల సంగతి దానికి తెలియదు.

రెండు చివర్లూ కోసి మళ్లీ క్రింప్ చేశాక (ప్లగ్‌లో తీగలు బిగిసేలా నొక్కాక) ఎర్రర్లు ఆగిపోయాయి. క్రింప్ చేసేటప్పుడు మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి, ఇది చాలామంది పట్టించుకోరు.

రంగులు సరిగ్గానే ఉండి, లింక్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంటే అది వేరే జబ్బు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ పిన్ను దాకా అందకపోయినా చాలా నెట్‌వర్క్ కార్డులు చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి.

మళ్లీ క్రింప్ చేశాక ఎర్రర్ల అంకె రాసిపెట్టుకుని, అదే ఫైలు కాపీ పెట్టి చూడండి. అప్పటికీ పెరుగుతుంటే రెండు ప్లగ్గుల ఫొటోలు దగ్గరగా తీసి పెట్టండి, చూసి చెబుతాను.