ఫెండర్ 1000 ఏ సంవత్సరానిదో తేల్చడం

మీ ఫెండర్ 1000 (పెడళ్లున్న స్టీల్ గిటార్, తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించేది) సీరియల్ నంబరును బట్టి అది ఏ సంవత్సరానిదో అడిగారు. తప్పు మీ నంబరులో లేదు, మీరు చూసిన పట్టికలో ఉంది. ఫెండర్ మామూలు ఎలక్ట్రిక్ గిటార్లైన స్ట్రాటోకాస్టర్, టెలీకాస్టర్ పట్టికలో వెతికితే 1954 వచ్చిందన్నారు. ఫెండర్ 1000 బయటికి వచ్చిందే 1957లో! స్టీల్ గిటార్ల నంబర్ల వరుస వేరు. ఆ పట్టిక పక్కన పెట్టేసి, గిటారు లోపలి కంట్రోళ్ల తయారీ తేదీ చూడండి.

1. వాల్యూమ్, టోన్ కంట్రోళ్లున్న ప్లేటు మరలు విప్పి, కంట్రోలు డబ్బా మీద గుద్దిన అంకెలు చదవండి. అద్దం, టార్చి దగ్గర ఉంచుకోండి.

2. మొదటి మూడు అంకెలు తయారీదారువి: 304 స్టాక్‌పోల్, 137 సీటీఎస్. తర్వాత సంవత్సరం, చివరి రెండు వారం. 3046112 అంటే 1961, 12వ వారం. మొత్తం ఆరంకెలే ఉంటే సంవత్సరానికి ఒకటే అంకె: 304731 అంటే 1957, 31వ వారం.

3. అంకెలు దొరకగానే సంబరపడి ప్లేటు బిగించేయకండి. చాలామంది వదిలేసేది ఇదే: టంకం చూడాలి. పాతది మసకగా, బూడిద రంగులో ఉంటుంది. ఒక తీగ దగ్గర మాత్రం తళతళలాడుతూ, పక్కన టంకానికి వాడే జిగురు కారి ఉంటే ఎవరో కంట్రోలు మార్చారు. నేనూ ఒకసారి అలా పప్పులో కాలేశాను.

4. టంకం పాతదే అయినా ఆ తేదీ కంట్రోలుది. గిటారు అంతకు ముందుది కాదని మాత్రమే దానర్థం. 1966 ముద్ర ఉంటే మరీ జాగ్రత్త. అప్పుడు గుట్టలుగా కొన్న కంట్రోళ్లను ఫెండర్ ఆ తర్వాత కొన్నేళ్లు వాడింది.

రెండు కంట్రోళ్ల అంకెలూ ఇక్కడ రాయండి, వీలైతే టంకం ఫొటో కూడా.