టెక్ సందేహాలు: గడ్డి కోతకు పాస్‌వర్డ్ ఎందుకు?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాం. ముందూ వెనకా కలిపి ఆరు వందల గజాల దాకా బెర్ముడా గడ్డి ఉంది. గడ్డి పెరిగిపోయిందని హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి అప్పుడే ఒక నోటీసు వచ్చింది. పెట్రోలు పోసి తోసుకునే మోవర్ కొనాలా, యాప్‌తో నడిచే రోబో మోవర్ కొనాలా? రోబో అయితే అంతా ఫోనులోనే చూసుకోవచ్చని మావారు అంటున్నారు. పెట్రోలుదైతే ఎన్ని హార్స్‌పవర్ ఉండాలి?

జవాబు: పెట్రోలుదే కొనండి. ఎండలు మొదలయ్యాయంటే అమెరికాలోని పాఠకుల నుంచి ఈ ప్రశ్న వరసపెట్టి వస్తుంది. టెక్ శీర్షికకూ గడ్డికీ సంబంధం ఏమిటని ఒకప్పుడు అనిపించేది. గడ్డి కోసే యంత్రాలకూ అప్‌డేట్లు వస్తున్నాయి కాబట్టి ఇక అలా అనుకోవడానికి లేదు.

హార్స్‌పవర్ సంగతి వదిలేయండి. మోవర్ ఇంజిన్ల మీద ఆ అంకెను పెంచి వేస్తున్నారని కొనుగోలుదారులు కోర్టుకెక్కితే, 2010లో తయారీదారులు ఆరున్నర కోట్ల డాలర్లకు రాజీపడ్డారు. ఇప్పుడు పెట్టెల మీద ఎక్కువగా సీసీ (ఇంజిను పరిమాణం), టార్క్ (తిప్పే బలం) అంకెలే కనిపిస్తాయి. మీ స్థలానికి 140 నుంచి 160 సీసీ ఫోర్‌స్ట్రోక్ ఇంజిను, 21 అంగుళాల డెక్ (బ్లేడును కప్పి ఉంచే తొడుగు) సరిపోతాయి. నేల చదునుగా ఉంటే తోసుకునేదే చాలు. వాలుగా ఉంటే చక్రాలు ఇంజిను బలంతో తిరిగే రకం తీసుకుని, వాలుకు అడ్డంగా నడుపుకోండి. కొట్లో ఒక్కటి మాత్రం వంగి చూడండి: కోత ఎత్తు ఎంత కిందికి దిగుతుందో. బెర్ముడాను ఒకటి, రెండు అంగుళాల మధ్య ఉంచాలి. కొన్ని మోవర్లు అంత కిందికి దిగనే దిగవు. ఏ కోతలోనైనా గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి.

ఇక మీవారి రోబో. 2024 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో ఇద్దరు పరిశోధకులు ఒక సంస్థ తయారుచేసిన, ఇల్లు ఊడ్చే రోబో వాక్యూమ్‌లు, రోబో మోవర్ల గుట్టు విప్పారు. సుమారు 130 మీటర్ల దూరంలో నిలబడి, ఫోనులోని బ్లూటూత్‌తో వాటిని స్వాధీనం చేసుకోవచ్చని తేల్చారు. ఫ్రిస్కోలో 130 మీటర్లంటే మీ వీధిలో సగం ఇళ్లు వచ్చేస్తాయి. వాక్యూమ్‌లలో బ్లూటూత్, యంత్రం ఆన్ చేసిన తర్వాత కాసేపే తెరిచి ఉంటుంది. మోవర్లలో మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒకసారి లోపలికి చొరబడ్డవాడు ఇంటర్నెట్ ద్వారా ఎక్కడినుంచైనా మళ్లీ రావచ్చు. వైఫై పాస్‌వర్డు, దాచిన మ్యాపులు, కెమెరా, మైకు అన్నీ అతని చేతిలో ఉంటాయి. దొంగలెత్తుకుపోకుండా పెట్టిన పిన్‌ను మోవర్ లోపలే ఏ సంకేత రక్షణా లేకుండా భద్రపరిచారట. తాళం వేసి చెవిని దానికే వేలాడదీయడమంటే ఇదే. ఖాతా తొలగించాక కూడా కొంత సమాచారం సర్వర్లలో మిగిలే ఉందని వాళ్లు చెప్పారు.

అన్ని రోబో మోవర్లూ ఇంతేనని నేను అనను. కానీ కొనేటప్పుడు తేడా తెలుసుకునే మార్గం మీకు ఏముంది? పెట్టె మీద కోసే వైశాల్యం ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది వెతికినా కనబడదు. ఇప్పటికే కొనేసినవాళ్లు కనీసం దాన్ని గెస్ట్ వైఫై (అతిథుల కోసం విడిగా పెట్టే నెట్‌వర్క్) మీద పెట్టండి. ఇంట్లో ల్యాప్‌టాప్, ఆఫీసు పని నడిచే నెట్‌వర్క్‌లోకి రానివ్వకండి.

నాకు ఒళ్లు మండే విషయం వేరే ఉంది. అమెరికాలో 1982 జూన్ 30 తర్వాత తయారైన, వెనక నడుస్తూ తోసే ప్రతి మోవర్‌లోనూ హ్యాండిల్ మీది కడ్డీ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలి. వినియోగదారుల భద్రతా సంఘం పెట్టిన నియమం అది. ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. అదే యంత్రానికి కెమెరా తగిలించి ఇంటర్నెట్‌కు కలిపితే, ఫెడరల్ స్థాయిలో ఉన్నది 2024 మార్చిలో సమాచార ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆమోదించిన భద్రతా ముద్ర పథకం. అది స్వచ్ఛందం, ఇష్టమైతే వేసుకోవచ్చు. బ్రిటన్ నయం. 2024 ఏప్రిల్ 29 నుంచి అక్కడ ఇంటర్నెట్‌కు కలిసే వస్తువులకు ఇట్టే ఊహించగల ఫ్యాక్టరీ పాస్‌వర్డులు పెట్టడం నిషేధం, అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో చెప్పడం తప్పనిసరి. బ్లేడుకు ఉన్న చట్టం సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

తయారీదారుల్ని తిట్టినంత మాత్రాన వాడేవాళ్లు తప్పించుకోలేరు. ఆస్టిన్ నుంచి ఒక పాఠకుడు ఫొటో పంపారు. చెయ్యి నొప్పి పుడుతోందని ఆ కడ్డీని ప్లాస్టిక్ ట్యాగులతో హ్యాండిల్‌కు బిగించి కట్టేశారు. పైగా ఇంజిను ఆగడం లేదు, లోపమా అని సందేహం! వెంటనే ట్యాగులు కత్తిరించండి బాబూ. బ్లేడుకు అడ్డుపడ్డ గడ్డి తీసేముందు స్పార్క్ ప్లగ్ వైరు కూడా ఊడదీయండి.

ఇంకో రకం ఫిర్యాదు: "నిరుడు బాగానే ఉంది, ఇప్పుడు తాడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు." అక్టోబరులో పోసిన పెట్రోలు మార్చి దాకా ట్యాంకులోనే ఉంటే ఎలా స్టార్ట్ అవుతుంది? నెల దాటితే పెట్రోలు పాడవడం మొదలవుతుంది, జిగురు కట్టి, పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు పంపే కార్బ్యురేటర్ సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. పెట్రోలు త్వరగా పాడవకుండా చూసే స్టెబిలైజర్ కలపండి, లేదా చివరి కోత రోజున ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడపండి. బంకులో ఈ10 (పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) మించి పోయకండి. మోవర్లలో ఈ15 వాడకూడదని పర్యావరణ సంస్థ ఈపీఏ నిషేధమే ఉంది. హైదరాబాద్ విల్లాల పాఠకులకు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20యే కాబట్టి, ట్యాంకులో మిగల్చకపోవడమే దారి. గ్యారేజీలో మాత్రం ఎవరూ స్టార్ట్ చేయకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కాలిఫోర్నియా పాఠకులు ఈ సలహా పక్కన పెట్టండి. 2024 మోడల్ నుంచి అక్కడ కొత్త పెట్రోలు మోవర్లకు దారి మూసుకుపోయింది. యాప్ లేని బ్యాటరీ మోవర్ చూసుకోండి, ఇంకా దొరుకుతున్నాయి.

ప్రశ్న: కొత్త పెట్రోలు మోవర్ పెట్టెలో మాన్యువల్ లేదు, క్యూఆర్ కోడ్ మాత్రమే ఉంది. స్కాన్ చేస్తే యాప్ వేసుకోమంటోంది, కాంటాక్టులు, లొకేషన్ అడుగుతోంది. ఒప్పుకోవాలా?

జవాబు: వద్దు. తాడు లాగి నడిపే యంత్రానికి మీ బంధుమిత్రుల ఫోను నంబర్లతో పనేమిటి? డెక్ మీద అంటించిన రేకు నుంచి మోడల్ నంబరు రాసుకుని, తయారీదారు సొంత సైటులో పీడీఎఫ్ దించుకోండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కకండి. మాన్యువల్ పేరుతో ఇన్‌స్టాల్ చేయమని ఏదైనా ఫైలు దిగితే, తెరవకుండా తీసేయండి. వారంటీ కోసం కొన్న బిల్లును ఫొటో తీసి ఉంచుకోండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు వచ్చే వేసవి దాకా ఉండవు.