మూల ఆర్కైవు కట్టే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. తెలుగు ఫాంటు ఒకదాన్ని డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంలో ప్యాకేజీగా చేర్చే పని మొదలుపెట్టావని, ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే రూల్స్ ఫైలు కూడా దాదాపు సిద్ధమైందని రాశావు. చాలా సంతోషం కలిగింది. అయితే మూల ఫైళ్లన్నిటినీ ఒక్క మూటగా కట్టే టార్‌బాల్ సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశావు: రచయితలు కోడు ఉంచే గిట్‌హబ్ సైటు నుంచి జిప్ దించుకుని, అక్కరలేనివి తీసేసి, మళ్లీ కట్టానని. ఆ వాక్యం చదివాక నాకు మనసు ఊరుకోలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మనం పంపే సోర్సు ప్యాకేజీలో మూల రచయితలు, అంటే మనం అప్‌స్ట్రీమ్ అని పిలిచేవారు, ఇచ్చినది ఒక ఆర్కైవుగానూ, మనం చేర్చే డెబియన్ డైరెక్టరీ మరొక ఆర్కైవుగానూ విడివిడిగా ఉంటాయి. ఇది వాళ్లు రాసినది, ఇది మనం కలిపినది అని ముక్కూమొహం తెలియని మనిషి కూడా ఎప్పుడైనా విడదీసి చూడగలగాలనే ఈ ఏర్పాటు. నువ్వు చేత్తో ఫైళ్లు తీసేసి కట్టిన జిప్‌లో ఆ గీత చెరిగిపోయింది. ఏమి తీశావో ఇవాళ నీకు గుర్తుంటుంది, వచ్చే ఏడాది కొత్త వెర్షను వచ్చేనాటికి నీకే గుర్తుండదు.

నాకు ఈ పాఠం కష్టంగానే వంటబట్టింది. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న లైబ్రరీకి ట్యాగ్ నుంచి, అంటే మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒక వెర్షనుకు పెట్టిన గుర్తు నుంచి, నేనే టార్‌బాల్ కట్టి పంపాను, తీసుకున్నారు. కొన్ని నెలల తర్వాత చిన్న దిద్దుబాటుతో రెండో రివిజను పంపవలసి వచ్చింది. ఈలోగా కంప్యూటరు మార్చాను కనుక అదే ట్యాగ్ నుంచి మళ్లీ కట్టి పంపితే అది వెంటనే తిరిగొచ్చింది. రెండు టార్‌బాళ్లనూ విప్పి ఫైలు ఫైలునూ పోల్చాను, ఒక్క అక్షరం తేడా లేదు. తేడా అంతా కట్టిన తీరులో ఉంది. ప్రతి ఫైలు చివరిసారి మారిన సమయాన్ని, దాని యజమానిని మూట కట్టే టార్ సాధనం రాసుకుంటుంది, ఫైళ్లను డిస్కు చూపిన వరుసలోనే పేర్చుకుంటుంది. ఆ మూటను కుదించే జీజిప్ కూడా తన తలభాగంలో సమయాన్ని దాచుకోగలదు. ఒక పేరుతో ఆరిజ్ టార్‌బాల్ (అప్‌స్ట్రీమ్ టార్‌బాల్) డెబియన్ ఆర్కైవులోకి, అంటే ప్యాకేజీల కేంద్ర నిల్వలోకి, ఒకసారి వెళ్లాక, అదే పేరుతో వేరే చెక్‌సమ్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కకట్టే వేలిముద్ర) ఉన్నది మళ్లీ లోపలికి పోదు. ఆ రోజు నేను ఆర్కైవులో ఉన్న టార్‌బాల్‌నే దించుకుని దానితో పని చేయవలసింది. నువ్వు మొదటి రోజునుంచే ప్రిస్టీన్-టార్ వాడు, అసలు టార్‌బాల్‌ను ఒక్క బైటు తేడా లేకుండా తిరిగి కట్టుకోవడానికి కావలసిన సమాచారాన్ని అది గిట్‌లోనే దాచి ఉంచుతుంది.

గిట్‌హబ్ తనంతట తాను కట్టి ఇచ్చే ఆర్కైవుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2023 జనవరి చివర, గిట్ లోపల జీజిప్ కుదింపు పద్ధతి మారడంతో ఆ ఆర్కైవుల చెక్‌సమ్‌లు మారిపోయి, వాటిని నమ్ముకున్న బిల్డులు ఎన్నో చోట్ల ఆగిపోయాయి, చివరికి గిట్‌హబ్ ఆ మార్పును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పైగా ఆ ఆర్కైవుల్లో సబ్‌మాడ్యూళ్లు, అంటే లోపల జోడించిన వేరే గిట్ ప్రాజెక్టులు, రావు.

మరి రచయితలు స్వయంగా విడుదల చేసిన టార్‌బాల్‌ను కళ్లు మూసుకుని తీసుకోవచ్చా అంటే, దానికి జవాబు 2024 మార్చి 29న దొరికింది. దూరపు కంప్యూటరులోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యం కావడం గమనించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే కుదింపు సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపెట్టారు. ఆ దారిని తెరిచే బిల్డు ఫైలు విడుదల టార్‌బాల్‌లో మాత్రమే ఉంది, గిట్‌లో లేదు. టార్‌బాల్ మీది సంతకం సరైనదే. సంతకం ఎవరు ఇచ్చారో చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. కాబట్టి టార్‌బాల్‌ను ఒక ఫోల్డరులో, అదే వెర్షను ట్యాగ్‌ను పక్క ఫోల్డరులో విప్పి, రెండింటి మధ్య తేడాలు చూపే డిఫ్‌ను ఆర్ ఆప్షన్‌తో నడుపు. కాన్ఫిగర్ స్క్రిప్టు వంటి, యంత్రం పుట్టించిన ఫైళ్లు ఒక పక్కనే కనిపించడం మామూలే. వాటినీ వదలకుండా, ఎందుకున్నాయో చెప్పగలిగేదాకా ఒక్కొక్కటీ చూడు. చెప్పలేనిది ఏదైనా మిగిలితే రచయితలను అడుగు, అడగడానికి మొహమాటపడవద్దు.

ఫాంట్ల దగ్గర మరో చిక్కు ఉంది. విడుదల జిప్‌లో చాలాసార్లు వాడకానికి సిద్ధమైన టీటీఎఫ్ ఫైళ్లు మాత్రమే ఉంటాయి. అక్షరాల గీతలు సరిచేయాలంటే, ఉదాహరణకు క్రావడి ఎత్తు మార్చాలంటే, రచయిత నిజంగా తెరిచేది ఫాంట్‌ఫోర్జ్ ఎస్ఎఫ్‌డీ ఫైలునో, యూఎఫ్ఓ డైరెక్టరీనో. మార్చడానికి అనువైన ఆ రూపమే సోర్సు. అది గిట్ ట్యాగ్‌లో ఉంటే నువ్వు ట్యాగ్‌నే ఎంచుకోవాలి. ముందే కట్టిన టీటీఎఫ్‌లు పక్కన ఉన్నంత మాత్రాన టార్‌బాల్‌ను తిరగకట్టనక్కరలేదు, సోర్సునుంచి మళ్లీ తయారుచేసి, తయారైనదాన్నే ప్యాకేజీలో పెడితే చాలు.

తీయక తప్పనివి వేరు. నీ ఫాంటు నమూనా పేజీ పక్కన అసలు రూపం లేని, కుదించిన జావాస్క్రిప్టు ఫైలు ఉందని రాశావు కదా, అది డెబియన్ స్వేచ్ఛా నియమాలకు (డీఎఫ్ఎస్‌జీ) నిలవదు. దాన్ని చేత్తో చెరపకుండా, కాపీరైట్ ఫైలు మొదటి పేరాలో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ అనే వరుసలో దాని దారి రాయి. కొత్త విడుదల ఎక్కడ దొరుకుతుందో చెప్పే వాచ్ ఫైలు సరిగా రాసి ఉంటే, దాన్ని చదివే యూస్కాన్ సాధనమే టార్‌బాల్‌ను దించి, ఆ ఫైలును తీసేసి, తిరిగి కడుతుంది. తీసిన సంగతి పైకి తెలిసేలా వెర్షను చివర +డీఎఫ్ఎస్‌జీ అని చేర్చు. లైసెన్సుతో సంబంధం లేని కారణంతో తీసినప్పుడు +డీఎస్ అంటారు. నాకు మాత్రం ఆ రెండో రకం తీసివేతలు ఇష్టం ఉండవు, పరిమాణం మరీ పెద్దదైతే తప్ప వాటి జోలికి వెళ్లవద్దు.

పేరు విషయం త్వరగా చెప్పేస్తాను. ప్యాకేజీ పేరు, అండర్‌స్కోరు, వెర్షను, ఆపైన ఆరిజ్ టార్ ఎక్స్‌జెడ్ లేదా జీజెడ్ రావాలి, జిప్ పనికిరాదు. ట్యాగ్ ముందున్న వీ అక్షరాన్ని వదిలెయ్యి. 2.0 బీటాను 2.0~బీటా అని టిల్డేతో రాస్తేనే అది 2.0 కంటే ముందుదిగా లెక్కకొస్తుంది, టిల్డే లేకుండా అతికిస్తే బీటాయే పెద్దదవుతుంది, తర్వాత అసలు విడుదల వచ్చినా వాడుకరుల యంత్రాలు దాన్ని తీసుకోవు.

ఇప్పుడున్న జిప్‌ను పక్కన పెట్టి మొదటినుంచి కట్టు. కట్టాక ట్యాగ్ పేరు, వాచ్ ఫైలు, కాపీరైట్ ఫైలు, టార్‌బాల్ షా256 చెక్‌సమ్ నాకు పంపు. ఆదివారం నా కంప్యూటరులో నేనూ అదే యూస్కాన్ ఆదేశంతో కడతాను. కుదింపు సాధనం వెర్షను వేరైతే చెక్‌సమ్ మారవచ్చు కనుక, అప్పుడు లోపలి టార్‌ను పోల్చుతాను. అక్కడ కూడా తేడా వస్తే ఫోన్ చేస్తాను, ఏ ఫైలు దగ్గర దారి తప్పిందో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మామయ్య