జియాంగ్‌నాన్ అనే నది లేదు

సందేహం: ఒక యాత్రావ్యాసంలో "జియాంగ్నాన్ నది ఒడ్డున ఉన్న సుజౌ, హాంగ్‌జౌ నగరాలు చీని చీనాంబరాలకు పేరు" అని చదివాను. పటంలో ఎంత వెతికినా ఆ నది కనబడలేదు. అదే వ్యాసంలో ఇంకొకచోట ఈ సీమకే జియాంగ్‌జువో అనే పేరుందని, అంటే "నదికి ఎడమగట్టు" అని రాశారు. ఏది ఒప్పు? "చీని చీనాంబరాలు" పునరుక్తి కాదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: లేని నది పటంలో ఎలా కనబడుతుందమ్మా? జియాంగ్ అంటే నది, నాన్ అంటే దక్షిణం. రెండూ కలిస్తే నదికి దక్షిణాన ఉన్న సీమ. ఆ వ్యాసకర్త పేరులో జియాంగ్‌ను చూసి నదిని తగిలించారు, పక్కనే ఉన్న నాన్‌ను చూడలేదు. గోదావరి అవతలిగట్టుకు "అవతలిగట్టు నది" అని పేరు పెడితే మీ ఊళ్లో నవ్వరూ?

ఇంతకీ ఏ నదికి దక్షిణం? మన పాఠ్యపుస్తకాలు ఒకప్పుడు యాంగ్‌సికియాంగ్ అని నేర్పిన నదికి. ఆ పేరు చివరి కియాంగ్, జియాంగ్‌నాన్‌లోని జియాంగ్ ఒకటే మాట. కాబట్టి "యాంగ్‌సికియాంగ్ నది"లో నది రెండుసార్లు వచ్చింది. "హొయాంగ్‌హో నది"లోనూ అంతే, హో అన్నా నదే. దీనికి మాత్రం నేను కర్ర పట్టుకోను. మనం పాలేరు నది, మున్నేరు నది అనడం లేదూ? ఏరు ఉండగా నది ఎందుకని ఎవరూ అడగరు. తిరుమలలో మల ఉన్నా తిరుమల కొండ అంటాం, శేషాచలంలో అచలం ఉన్నా శేషాచలం కొండలు అంటాం. పరభాషాపదం అర్థం చెవికి అందనప్పుడు సొంత మాటను తోడు తెచ్చుకోవడం భాషకు అలవాటు. అది పునరుక్తి. జియాంగ్‌నాన్ నది అనడం పునరుక్తి కాదు, తప్పు.

చీనావారు ఆ నదిని చాంగ్ జియాంగ్ అంటారు, పొడవైన నది అని. 6,300 కిలోమీటర్ల నదికి తగిన పేరే. యాంగ్‌జీ అన్నది యాంగ్‌జౌ దగ్గరి ఒక రేవు పేరు మీద నది దిగువభాగానికి వచ్చిన పేరు. దాన్ని నది మొత్తానికీ అంటగట్టినవారు పాశ్చాత్యులు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ప్రాచీన చీనాభాషలో జియాంగ్ సామాన్యనామం కాదు. అది ఈ ఒక్క నది పేరు. అలాగే హ (మన పుస్తకాల హో) అంటే ఉత్తరాన ఉన్న పసుపునది (హొయాంగ్‌హో) ఒక్కటే. తర్వాత రెండూ సామాన్యనామాలయ్యాయి. స్థూలంగా చెబితే దక్షిణాది నదులకు జియాంగ్, ఉత్తరాది నదులకు హ స్థిరపడ్డాయి. అందుకే హనాన్, జియాంగ్‌నాన్ రెంటినీ "నదికి దక్షిణం" అని అనువదించి ఊరుకుంటే చిక్కు. మొదటిది పసుపునదికి దక్షిణం, రెండోది చాంగ్ జియాంగ్‌కు దక్షిణం. మధ్యలో వందల కిలోమీటర్లు.

విశేషనామం సామాన్యనామం కావడం మనకు కొత్త కాదు. నిజామాబాదు, కరీంనగర్ పల్లెల్లో గోదావరిని గంగ అంటారు. శ్రీశైలం కింద కృష్ణ పాతాళగంగ. బావిలో నీళ్లు పడితే గంగ పైకొచ్చింది అంటాం. ఒక నది పేరు నీటికే పేరైంది. తెలుగువాడికి జియాంగ్ కథ చెప్పాలంటే గంగతో మొదలుపెడితే చాలు, రెండో వాక్యం అక్కర్లేదు.

ఆ జియాంగ్ మాత్రం చీనాభాషకు సొంతమా? కాదని 1976లో జెర్రీ నార్మన్, మే త్సు-లిన్ అనే ఇద్దరు పండితులు వాదించారు. దాని ప్రాచీనరూపం క్రోంగ్ వంటిది. బర్మాలోని మోన్ భాషలో నదిని క్రుంగ్ అంటారు, వియత్నాం వారి సోంగ్ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. ఇవి ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబపు భాషలు. చీనాభాష మాట్లాడేవారు దక్షిణానికి దిగివచ్చి ఆ మహానదిని చూసేనాటికి, దాని ఒడ్డున ఉన్నవారు దాన్ని తమ మాటలో "నది" అని పిలుస్తున్నారన్నమాట. వచ్చినవారు దాన్నే పేరుగా తీసుకున్నారు. ఈ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు గానీ, నాకు నచ్చింది. గిడుగువారు ఏళ్ల తరబడి శ్రమపడ్డ సవరభాషదీ ఈ కుటుంబమే, వీటికి దూరపు చుట్టం. మన గంగనూ ఈ క్రోంగ్‌తో ముడిపెట్టినవారున్నారు. అక్కడిదాకా నేను వెళ్లను. "గమ్" ధాతువు నుంచి గంగ వచ్చిందనే సంప్రదాయవ్యుత్పత్తి ఉండగా, ధ్వని కాస్త కలిసిందని చుట్టరికం కలపడం తొందరపాటు.

క్రోంగ్ జియాంగ్ ఎలా అయిందంటారా? మొదటి హల్లు కకారం. అది తాలవ్యీకరణం చెంది, అంటే నాలుక అంగిలివైపు జరిగి, చకార జకారాల దాకా వచ్చింది. ఇదీ మన ఇంటి సంగతే. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్లకు కెఱె, మనకు చెఱువు. వాళ్లకు కెడు, మనకు చెడు. ఉత్తర చీనా ఉచ్చారణలో ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది గనుక పాత రాతల్లో కకారం నిలిచింది: పెకింగ్, నాన్‌కింగ్, యాంగ్‌సికియాంగ్. ఇప్పుడవి బీజింగ్, నాన్‌జింగ్ అయ్యాయి. తమాషా ఏమిటంటే, ఆ నది దిగువసీమలోనే ఉన్న షాంఘై, సుజౌ వారి ఊ మాండలికంలో జియాంగ్ నేటికీ కకారంతోనే మొదలవుతుంది. దక్షిణ కొరియా రాజధానిలో పారే హాన్‌గాంగ్‌లోని గాంగ్ కూడా ఇదే. "కియాంగ్ అని రాసేవారు పాతకాలపు మనుషులు" అని ఎకసెక్కాలాడే కొత్త సంపాదకులు ఈ సంగతి గమనించాలి. పాతరాత వెక్కిరించదగ్గది కాదు, పాత ఉచ్చారణకు సాక్ష్యం.

అలాగని జియాంగ్ వినబడిన ప్రతిచోటా నదిని వెతక్కూడదు. షిన్‌జియాంగ్‌లోది వేరే మాట, సరిహద్దు అని అర్థం. అక్షరమూ వేరే. జెజియాంగ్‌లోది నదే, హాంగ్‌జౌ పక్కన సముద్రంలో కలిసే చియాన్‌తాంగ్‌కు అది పాతపేరు, కానీ ఇప్పుడు అది ఒక రాష్ట్రం. జియాంగ్‌షీని "నదికి పడమర" అని అనువదించేవారు చాలామంది. షీ అంటే పడమర అన్నమాట నిజమే. కానీ ఆ పేరు తాంగ్ వంశపు కాలంలో (7–10 శతాబ్దాలు) ఏర్పడిన "జియాంగ్‌నాన్ పశ్చిమమండలం" కుదించుకుపోగా మిగిలిన ముక్క. జియాంగ్‌నాన్‌కు పడమటి భాగమే గానీ నదికి పడమర కాదు. పదాన్ని విరిచి అర్థం చెప్పేముందు అది విరిగిన పదమేమో చూసుకోవాలి.

మీ వ్యాసకర్త "ఎడమగట్టు" ఇంకా పెద్ద పొరపాటు. జువో అంటే ఎడమ, కాదనను. ఎవరి ఎడమ? మనం నాగార్జునసాగర్ కుడికాలువ, ఎడమకాలువ అన్నప్పుడు ప్రవాహం వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి చెబుతాం. చీనాలో లెక్క వేరు. అక్కడ చక్రవర్తి దక్షిణాభిముఖంగా కూర్చుంటాడు, అతని ఎడమచేయి తూర్పు. అంచేత జియాంగ్‌జువో అంటే నదికి తూర్పు, జియాంగ్‌దోంగ్ అనే మరోపేరుకు సమానం. చాంగ్ జియాంగ్ మొత్తం మీద తూర్పుకే పారుతుంది గానీ వూహు నుంచి నాన్‌జింగ్ దాకా ఈశాన్యంగా తిరుగుతుంది. ఆ వంపు వల్లనే నదికి తూర్పు, పడమర అనే మాటలు పుట్టాయి. ఇప్పుడు ఒక కాగితం మీద ఈశాన్యానికి బాణం గీసి ప్రవాహంతోపాటు నిలబడండి. తూర్పుగట్టు మీ కుడిచేతికి వస్తుంది. "ఎడమగట్టు" అని తెలుగు చేస్తే పాఠకుడు నది దాటి అవతల తేలతాడు. "నదికి తూర్పుసీమ" అనాలి.

మన పూర్వులు తూర్పుకు ముఖం పెట్టారు. అందుకే దక్షిణం అంటే కుడి, దక్షిణదిక్కు కూడా. పశ్చిమం అంటే వెనుక. దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరిగితే ప్రదక్షిణం. ఒక జాతి ఎటు తిరిగి నిలబడిందో దిక్కుల పేర్లే చెబుతాయి.

దిక్కుల మాట వచ్చింది గనుక ఇంకొకటి. చీనా ఊళ్ల పేర్ల చివర యాంగ్, యిన్ కనబడితే వేదాంతం వెతకకండి. యాంగ్ ఎండపొడ, యిన్ నీడ. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు గనుక కొండకు దక్షిణపువాలు మీద ఎండ. నదికి మాత్రం తిరకాసు. లోయలో ఉత్తరపుగట్టే దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది, ఎండ దానిది. లువో నదికి ఉత్తరాన వెలసింది లువోయాంగ్. చాంగ్ జియాంగ్‌కు దక్షిణపుగట్టున ఉన్నది జియాంగ్‌యిన్, అంటే నది నీడగట్టు.

సరే, జియాంగ్‌నాన్ ఎంతమేర? ఇక్కడ వ్యుత్పత్తి కొంతదూరం తెచ్చి వదిలేస్తుంది. తాంగ్ వంశం 627లో దేశాన్ని పది మండలాలుగా విభజించినప్పుడు జియాంగ్‌నాన్ అంటే నదికి దక్షిణాన విశాలభూభాగం. చింగ్ వంశం (17–20 శతాబ్దాలు) ఆ పేరుతో ఏర్పరచిన రాష్ట్రం నదికి రెండువైపులా ఉండేది. అదే తర్వాత జియాంగ్‌సు, అన్‌హ్వీలుగా విడిపోయింది. జనవ్యవహారంలో మాత్రం తాయ్‌హు సరస్సు చుట్టూ ఉన్న సుజౌ, వూషీ, హుజౌ, జియాషింగ్, హాంగ్‌జౌ, సోంగ్‌జియాంగ్ మొదలైనవే అసలు జియాంగ్‌నాన్. (తాయ్‌హులో హు అంటే సరస్సే, తిరుమల కొండ లెక్కన క్షమిద్దాం.) నదికి ఉత్తరాన ఉన్న యాంగ్‌జౌను సైతం సంస్కృతిని బట్టి జియాంగ్‌నాన్‌లో కలిపేసుకుంటారు. "దక్షిణం కాదుగా" అని అడిగితే నవ్వుతారు.

దీన్ని తెలుగులో "జియాంగ్‌నాన్ ప్రాంతం" అనకండి. ఈమధ్య పత్రికలకు ప్రాంతం తప్ప మాట దొరకడం లేదు. ప్రాంతం అంటే అంచు, చేరువ చోటు. మనకు నాడు ఉంది, సీమ ఉంది. పల్నాడు, రేనాడు, కోనసీమ అన్న నోటితో "జియాంగ్‌నాన్ సీమ" అంటే ఎంత బాగుంటుంది! పోలిక కూడా కుదురుతుంది. గోదావరి పాయల నడుమ కోనసీమలాగే అదీ నీటినేల. రెండు మీటర్లకు అటూఇటూ సగటులోతు మాత్రమే ఉన్న మహాసరస్సు, దాని చుట్టూ వలలా కాలువలు. పల్లపునేలకు గట్లు కట్టి, లోపల వరి, గట్ల మీద మల్బరీ. ఝెన్‌జియాంగ్ నుంచి హాంగ్‌జౌ దాకా 610లో తవ్వించిన కాలువ ఈ సీమ బియ్యాన్ని ఉత్తరాదికి చేర్చే దారి అయింది. "సుజౌ, హుజౌ పండితే లోకానికి కడుపు నిండుతుంది" అన్నది సోంగ్ వంశపు కాలంనాటి (10–13 శతాబ్దాలు) సామెత. "పైన స్వర్గం, కింద సుజౌ హాంగ్‌జౌ" అన్నది మరొకటి.

రాత గురించి ఒక ముక్క. "జియాంగ్నాన్" అని కలిపి అచ్చువేస్తే గకారం కింద నకారం చేరి చదివేవాడు "జియాం-గ్నాన్" అంటాడు. గకారాన్ని పొల్లుగా ఉంచి "జియాంగ్‌నాన్" అని విడదీయాలి. అసలు ఉచ్చారణలో ఆ గకారం స్పష్టంగా వినబడదు, ముక్కులో ఆగిపోతుంది. దానికి మన లిపిలో ఇప్పుడు వేరే గుర్తు వాడటం లేదు గనుక ఇదే గతి. ఎవరైనా "చియాంగ్‌నాన్" అని రాసినా తప్పుపట్టను, ఆ ధ్వని మన చకారజకారాల నడుమది.

చివరగా చీని చీనాంబరాలు. పునరుక్తే. పట్టుపీతాంబరాలలాగా నిండుదనం కోసం నాలుక కోరుకున్న జంట. ఉండనివ్వండి. కాళిదాసు జెండాకు చీనాంశుకం (చీనా పట్టుబట్ట) కట్టాడు, కౌటిల్యుడి అర్థశాస్త్రం చీనపట్టాలను లెక్కలోకి ఎక్కించింది. మన పూర్వులకు ఆ దేశం చీనా, ఇంగ్లీషు నోటిగుండా వచ్చి చైనా అయింది. అయితే కాళిదాసు చీనాంశుకం సుజౌలో నేసిందని మీ వ్యాసకర్త రాయకపోవడం మంచిదైంది. హుజౌ దగ్గర నాలుగువేల ఏళ్ల నాటి పట్టుపేలికలు బయటపడ్డ మాట నిజమే గానీ, ఆనాటి పేరుపొందిన పట్టు ఎక్కువగా ఉత్తరాదిది, సిచువాన్‌ది. జియాంగ్‌నాన్ వాటిని మించిపోయింది సోంగ్ వంశపు కాలం తర్వాతే. చింగ్ చక్రవర్తుల మూడు నేతశాలలూ నాన్‌జింగ్, సుజౌ, హాంగ్‌జౌలలోనే ఉండేవి. ఆ కాలపు బట్టలకైతే చీని చీనాంబరాలు అని నిక్షేపంగా రాసుకోవచ్చు.