పొలం కొన్నాక సబ్సిడీ నాకే వస్తుందనుకున్నా

తమ్ముడూ, టెక్సస్‌లో డల్లాస్ దగ్గర పొలం చూశావు, లోన్ కిస్తీలో కొంత గవర్నమెంట్ సబ్సిడీతో కట్టేయొచ్చా అని అడిగావు. ఆ లెక్క ఇప్పుడే ఆపెయ్. నేను అదే లెక్క వేసుకుని మునిగినంత పనైంది.

2019లో హిల్ కౌంటీలో 74 ఎకరాలు కొన్నాం, నేనూ ఇంకో ఫ్రెండూ సగం సగం. మాది ఖమ్మం వైపు. నాన్న పేరు మీద పట్టా ఉంది కాబట్టి రైతుబంధు నాన్న అకౌంట్లోనే పడేది, చేను దున్నే కౌలు రైతుకి పైసా రాదు, అది చూసి పెరిగిన బుర్ర కదా, ఇక్కడా డీడ్ ఎవరి పేరున ఉంటే వాళ్ళకే అనుకున్నా. అక్కడి రైతు ఒకాయనకి ఎకరాకి ఇంత అని క్యాష్ కౌలుకి ఇచ్చేసి, డీడ్ కాపీ పట్టుకుని కౌంటీ ఎఫ్ఎస్ఏ ఆఫీసుకెళ్ళా, అంటే రైతులకి సబ్సిడీలిచ్చే అమెరికా వ్యవసాయ శాఖ ఆఫీసు. కౌంటర్లో ఆమె అడిగింది ఒకటే, సాగు ఎవరు చేస్తున్నారు అని. క్యాష్ కౌలు అన్నా. అయితే డబ్బు ఆయనకే అంది. పంట పోతే నష్టం ఎవరిదో సబ్సిడీ వాళ్ళది, ఇక్కడ పద్ధతి అది, మన దగ్గరకి పూర్తిగా ఉల్టా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

పోనీ వచ్చినా ఎంతొచ్చేది? మా పొలానికి గోధుమ బేస్, అంటే సబ్సిడీ లెక్కకి రికార్డులో రాసిన ఎకరాలు, 40, అందులో 85 శాతానికే ఇస్తారు, అంటే 34. రికార్డులో దిగుబడి ఎకరాకి 38 బుషెల్స్, గింజలకి ఇక్కడి కొలత అది. 2019 గోధుమ సగటు ధర బుషెల్‌కి 4.58 డాలర్లు, గవర్నమెంట్ పెట్టిన రిఫరెన్స్ ధర అప్పుడు 5.50, మార్కెట్ ధర దానికంటే తగ్గితే ఆ తేడానే సబ్సిడీ, అంటే 92 సెంట్లు. గుణించుకో, 1,190 డాలర్లు కూడా లేదు, దాంట్లోనూ కోత ఉంటుంది. అదీ 2020 అక్టోబర్లో వచ్చింది, కౌలుదారుకి! కిస్తీ మాత్రం టైం తప్పకుండా కట్టాల్సిందే, ఆ ఏడాది రెండు కిస్తీలు క్రెడిట్ కార్డు మీద తీశా, మా ఆవిడకి చెప్పకుండా, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత పాలు కౌలుకి మార్చాం, గింజలో మూడో వంతు నాది. అప్పుడు సబ్సిడీలో కూడా నా వాటా నాకు రాసారు. కానీ 2021, 2022లో మార్కెట్ ధరలు బాగా లేచాయి, ధర రిఫరెన్స్ పైన ఉంటే ఈ స్కీంలో సున్నా. నా వాటా గింజ అమ్ముకుంటే మాత్రం నాలుగు డబ్బులొచ్చాయి, కార్డు బాకీ తీరింది అలాగే.

నువ్వింకా హెచ్1బీ మీదున్నావు, ఇది గట్టిగా విను. గ్రీన్ కార్డు లేనివాడు వాళ్ళ లెక్కలో ఫారిన్ పర్సన్. సబ్సిడీ కావాలంటే భూమి, పెట్టుబడితో పాటు ఒళ్ళు వంచి శ్రమ కూడా నువ్వే చెయ్యాలి, ఆ వీసా మీద అది అయ్యే పని కాదు. పైగా సాగుభూమి కొన్న 90 రోజుల్లో అఫిడా ఫారం, అంటే ఫారిన్ పర్సన్ భూమి కొన్నాడని వ్యవసాయ శాఖకి చెప్పే కాగితం, ఇవ్వాలి, 1978 చట్టం అది, ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్ళొచ్చు. మా ఫ్రెండ్ అప్పుడు హెచ్1బీ, ఈ సంగతి మాకు ఆరు నెలలకి గానీ తెలియలేదు, లేటుగా వేసి, ఎంత కట్టమంటారో అని ఉత్తరం వచ్చేదాకా ఇద్దరం గుండె అరచేతిలో పెట్టుకుని తిరిగాం. మిగతా రూల్స్ కౌంటీ ఆఫీసులో అడుగు, ఓపిగ్గానే చెప్తారు.

డబ్బు దగ్గరే జాగ్రత్త తమ్ముడూ. మీ వయసులో జీతం బాగుంది కదా చూసుకుందాంలే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఏడాది కిస్తీలు విడిగా బ్యాంకులో లేకపోతే అసలు అడ్వాన్సే ఇవ్వకు. ఇచ్చే ముందు అమ్మేవాణ్ణి ఎఫ్ఎస్ఏ వాళ్ళ 156-ఈజీ కాగితం అడుగు, ఫార్మ్ నంబరు, ఏ పంటకి ఎంత బేస్, దిగుబడి ఎంత అన్నీ అందులో ఉంటాయి. బేస్ ఎకరాలే లేని పొలాలు కూడా ఉన్నాయి. ఆ కాగితం వచ్చాక నంబర్లు నాకు పంపు, ఆదివారం కూర్చుని లెక్క వేద్దాం.