అమ్మోనియాలో హైడ్రాక్సైడ్ (ఓహెచ్) లేదు కదా, మరి అది క్షారం ఎలా అయింది?

ఈ డౌట్ బడిలో మొదట నేర్చుకునే నిర్వచనం వల్లే వస్తుంది. నీటిలో కరిగి హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం. 1880ల్లో అర్హీనియస్ అనే శాస్త్రవేత్త చెప్పిన మాట ఇది. సున్నానికి, కాస్టిక్ సోడాకి చక్కగా సరిపోతుంది. అమ్మోనియా దగ్గరే చిక్కు.

1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఇంకో నిర్వచనం ఇచ్చారు: ఎదుటి పదార్థం నుంచి ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయాన్‌ను, తీసుకోగలిగితే చాలు, అది క్షారమే. అమ్మోనియాలోని నైట్రోజన్ మీద ఏ బంధంలోనూ చేరని ఎలక్ట్రాన్ల జంట ఒకటి ఉంటుంది. దాంతో నీటి అణువు నుంచి ప్రోటాన్‌ను లాక్కుని అమ్మోనియం అయాన్‌గా మారుతుంది. ప్రోటాన్ పోగొట్టుకున్న నీరు హైడ్రాక్సైడ్‌గా మిగులుతుంది. అంటే హైడ్రాక్సైడ్ వచ్చింది నీటిలోంచి, అమ్మోనియాలోంచి కాదు. (కిటుకంతా ఇక్కడే.) 0.1 మోలార్ గాఢత ఉన్న పలచని అమ్మోనియా ద్రావణంలో నూటికి దాదాపు ఒక్క అణువే ఈ పని చేస్తుంది, అందుకే దాన్ని బలహీన క్షారం అంటారు.

ఫార్ములాలో ఓహెచ్ కనిపించగానే క్షారం అనేసుకోకండి. ఆల్కహాల్‌లోనూ ఓహెచ్ ఉంది, కానీ నీటిలో అది హైడ్రాక్సైడ్‌గా విడిపోదు.

ఇంట్లోనే క్షారాన్ని పరీక్షించాలంటే పసుపు నీళ్లలో కాస్త సున్నం కలిపి చూడండి, ఎర్రబడతాయి. దిష్టి నీళ్లకు ఆ ఎరుపు వచ్చేది అలాగే.