గుట్టల నడుమ బయలు: మొక్కలు నాటాలా, గడ్డి పెంచాలా?

ప్రశ్న: మా ఊరు నర్సంపేట దాటాక పాకాల అడవి అంచున ఉంది. రెండు గుట్టల నడుమ 30 ఎకరాల బంచరాయి (ఊరి పశువులు మేసే నేల), మధ్యలో చిన్న వాగు. ఒకప్పుడు మోకాలెత్తు గడ్డి ఉండేది, ఇప్పుడు సగం సర్కారు తుమ్మే. దుప్పులు రావడం తగ్గింది. జేసీబీతో చదును చేయించి 10 వేల మొక్కలు నాటుదామంటున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: ముందు జేసీబీని ఆపండి. చెట్లు లేని నేలంటే పనికిరాని నేల అనుకుంటాం. దుప్పికి మేత దొరికేది అక్కడే, తీతువు గుడ్లు పెట్టేది ఆ బోడి నేల మీదే. దసరా నాడు మనం వెతుక్కునే పాలపిట్ట ఎత్తున మోడు మీద కూర్చుని, కింద గడ్డిలో మిడత కదిలితే దిగి పట్టుకుంటుంది. కింద నేల కనబడకపోతే దానికి తిండి లేదు. బతుకమ్మకు కోసుకొచ్చే గునుగు, తంగేడు కూడా ఎండ పడేచోటే పూస్తాయి. ఒత్తుగా మొక్కలు నాటితే నీడ కమ్మి ఇవన్నీ పోతాయి.

తీయాల్సింది సర్కారు తుమ్మనే. నేలమట్టానికి నరికితే చావదు. మొదలు దగ్గర మట్టి లోపల ఉన్న మొగ్గల నుంచి మళ్లీ గుంపుగా లేస్తుంది. చుట్టూ మట్టి తవ్వి, అడుగు లోతున వేరు తెగ్గొట్టి, మొద్దుతో సహా పీకాలి. వానలు వెనకబట్టి నేల ఇంకా మెత్తగా ఉన్న అక్టోబరు–డిసెంబరు నెలలు ఈ పనికి అనువు. నేల మీద గూడు పెట్టే పక్షులకూ అప్పుడు ఇబ్బంది తక్కువ. ఏటా 10 ఎకరాలు మించొద్దు. ఒక్కసారే బోడి చేస్తే కుందేళ్లకు దాగే చోటుండదు, మీకు మొలకలు పీకే తీరికా ఉండదు.

చాలామంది ఓడిపోయేది ఆ మొలకల దగ్గరే. కాయలు తిన్న పశువుల పేడలో గింజలు చెడకుండా బయటపడి తొలకరికి మొలుస్తాయి. అందుకే కాయలు రాలే రోజుల్లో, శుభ్రం చేసిన ముక్కలోకి పశువులను వదలొద్దు. జానెడు మొలకలను తడి నేలలో చేత్తో పీకేయొచ్చు. జులైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, మూడేళ్లు వరసగా. గడ్డి విత్తనం కొననక్కర్లేదు. అంచుల్లో మిగిలిన గడ్డి కంకి పండాక కోసి, శుభ్రం చేసిన చోట పరవండి. ఆ ముక్కకు రెండు వానకాలాలు మేపు బందు పెట్టి, కొట్టిన కంపనే చుట్టూ వేయండి. మిగతా నేల తెరిచే ఉంటుంది కాబట్టి గొల్లలతో, పశువుల కాపరులతో ముందే కూర్చుని మాట్లాడితే ఒప్పుకుంటారు. వాళ్లను కాదని చేసిన కంచె నిలవదు.

గుట్ట మీది నుంచి వాగులోకి దిగే గండ్లకు రాళ్లకట్టలు వేయండి. ఎత్తు మీటరు లోపే. రెండు చివరలూ గట్టులోకి అర మీటరు దూర్చాలి, నడుమ భాగం చివరలకన్నా జానెడు పల్లంగా ఉండాలి. అది మరిస్తే నీళ్లు పక్కనుంచి తిరిగి గట్టునే కోసేస్తాయి. కింది కట్ట తల, పై కట్ట అడుగుతో సమానంగా వచ్చేలా దూరం చూసుకోండి.

గొడ్డలి పట్టేముందు సర్వే నంబరు చూపించుకోండి. అటవీ శాఖ భూమి అయితే అనుమతి లేకుండా ఏదీ ముట్టొద్దు.

ప్రశ్న: ఇప్పపువ్వు ఏరేందుకు చెట్టు కింద ఆకులు కాలుస్తారు. ఏటా ఆ నిప్పే బయలంతా పాకుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ములుగు జిల్లా

జవాబు: పువ్వు రాలే ముందే చెట్టు కింద ఆకులు ఊడ్చి, పాత చీరలు గానీ వలలు గానీ పరవమనండి. పువ్వుకు మసి అంటదు, మట్టి అంటదు, ఏరడమూ తేలిక. జనవరి ఆఖరులోగా బయలు చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి చెక్కి, నిప్పు దాటకుండా మంట గీత తీయండి. రాలిన ఆకులు మళ్లీ మళ్లీ పడతాయి కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో వారానికోసారి ఆ గీతను ఊడవాలి.